బీ సైడు చివర ఏడుపు

పళ్లాయన చేసిన కట్టుడు పళ్లు పెట్టుకున్నవాళ్లు నిద్రలో పాటలు పాడతారు. అవి కూడా ఎవరికీ తెలియని పాటలు, రికార్డు తిరగేస్తే రెండో వైపు ఉండే పాటలు. ఒక ముసలాయన పడుకోబోయే ముందు పళ్ల సెట్టు తీసి గ్లాసు నీళ్లలో వేస్తే, ఆ గ్లాసే సన్నగా రాగం అందుకుందని ఆయన కోడలు ఒట్టేసి చెప్పింది. నమ్మకం లేనివాళ్లు వెళ్లి ఆవిణ్ణే అడగొచ్చు. ఇల్లు మారిపోయింది గానీ మనిషి అబద్ధమాడదు.

అంత నమ్మలేకపోతే ఇంత నమ్మండి: పళ్లాయన పాట లేకుండా పన్ను ముట్టుకోడు.

ఆయన పని గది ఇద్దరు పళ్ల డాక్టర్లున్న భవనానికి వెనకవైపు, మెట్ల కింద ఉంది. డాక్టర్లు పైన నోటి కొలతలు తీసి డబ్బాల్లో పెట్టి కిందికి పంపుతారు. పళ్లాయన వాటిలో ప్లాస్టర్ పోసి దవడలు చేస్తాడు, దవడల మీద మైనంతో చిగుళ్లు కడతాడు, చిగుళ్లలో పళ్లు ఒక్కొక్కటే నిలబెడతాడు. మూడు గోడలకీ అరలు, అరల నిండా తెల్లటి ప్లాస్టర్ దవడలు. కొత్తగా వచ్చినవాళ్లకి ఎవరో తమని చూసి నవ్వుతున్నారేమో అని అనుమానం వస్తుంది. పాతవాళ్లకి అనుమానం లేదు, నవ్వుతున్నాయనే తెలుసు. నాలుగో గోడ వారగా బల్ల, బల్ల మీద రికార్డు ప్లేయరు. దాని మీద ఎప్పుడూ సన్నటి గులాబీ రంగు పొడి పేరుకుని ఉంటుంది. అరగదీసిన చిగుళ్ల పొడి అది.

ఆ ప్లేయరు మీద తిరిగే గొంతు ఒక్కటే. ఒకప్పుడు అక్కాచెల్లెళ్లిద్దరు జంటగా పాడేవారు. బాగా పేరొచ్చింది. ఆ పేరు అలా ఉండగానే చెల్లెలు అక్కని వదిలేసి ఒంటరిగా పాడటం మొదలుపెట్టింది. అభిమానులకి ఆవిడ చిన్నావిడ. ఇప్పుడు మనవల్ని ఎత్తుకుని తిరుగుతున్నా చిన్నావిడే. ఒంటరిగా ఆవిడ ఇచ్చిన చిన్న రికార్డులన్నిటికీ ముందువైపు హిట్టు పాట, తిరగేస్తే బీ సైడు. హిట్టు పాటలు పెళ్లిళ్లలోనూ మంగలి షాపుల్లోనూ మోగి మోగి అందరి సొత్తూ అయిపోయాయి. బీ సైడు పాటలు ఎవరు మెడకి తగిలించుకుంటే వాళ్లవి.

పళ్లాయన మెడకి తగిలించుకున్నది బట్టలారేసే పాట. ఒకమ్మాయి మేడ మీద తీగకి బట్టలు ఆరేస్తుంది, గాలికి ఒక చొక్కా ఎగిరి పక్కింట్లో పడుతుంది. కథంతా అంతే. కానీ చిన్నావిడ పాడుతుంటే అది శవం వెళ్లిపోయిన ఇంట్లో బట్టలు ఆరేసినట్టుంటుంది. గొంతు బొంగురుగా బావిలోంచి వచ్చినట్టు వస్తుంది. డ్రమ్ము ఒక్కో దెబ్బా పడాలా వద్దా అని ఆలోచించుకుని పడుతుంది. మాటలన్నీ అయిపోయాక, చివర్లో, ఆవిడ ఎక్కిళ్లు పెట్టి ఏడుస్తుంది. పొట్టలోంచి, ఆగి ఆగి. అక్కని వదిలి వచ్చిన కొత్తలో పాడింది కదా, ఆ దిగులు లోపల దాగక బయటపడిందని పళ్లాయన వాదన. జ్వరంతో పాడిందని ఆయనతో కలిసి వినేవాళ్ల వాదన.

పళ్లాయన ఆ ఏడుపుని ఎందుకు పట్టుకు వేలాడాడో ఆయనకి తెలుసు, ఆయన భార్యకి తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తరు. ఆ గది ఒకప్పుడు అన్నదమ్ములిద్దరిదీ. అన్న దవడలు పోసేవాడు, తమ్ముడు పళ్లాయన పళ్లు నిలబెట్టేవాడు. ఒక మధ్యాహ్నం అన్న తన పనిముట్లు సంచిలో సర్దుకుని, “నేను వేరే పెట్టుకుంటున్నాన్రా” అని వెళ్లిపోయాడు. పోట్లాట లేదు. పోట్లాడి ఉంటే బాగుండేది, సర్దుకోవడానికి ఏదో ఒకటి ఉండేది. పెట్టుకున్నది కూడా పక్క వీధిలోనే. అప్పట్నుంచి తమ్ముడు ఆ వీధిలో కాలు పెట్టలేదు. ఆ వీధి అవతలి మలుపులో ఉన్న రొట్టెల కొట్టుకి వెళ్లాలన్నా ఊరంతా చుట్టి వెళ్తాడు. అన్న వెళ్లేటప్పుడు ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూశాడో లేదో చూద్దామంటే, చేతిలో మైనం కరుగుతోంది, తల ఎత్తడం కుదరలేదు.

వదిలేసి వెళ్లినవాళ్లకి కూడా ఏడుపొస్తుందని ఆయనకి చెప్పింది ఆ బట్టల పాట ఒక్కటే. పాట పెట్టుకుని, చివరి ఎక్కిళ్లు వచ్చేదాకా ఆగి, అప్పుడు పన్ను నిలబెట్టేవాడు. అలా నిలబెట్టిన పన్నుతో ఇనప మేకు కొరికినవాళ్లున్నారు. ఒకడు తాళం కొరికి ఇంట్లోకి వెళ్లాడు, అదీ తనది కాని ఇంట్లోకి. ఆ గొడవ ఇప్పుడొద్దు.

ఆదివారం పొద్దున పని ఉండదు, ముగ్గురు మనుషులు ఉంటారు. ఒకడు పళ్లాయన బావమరిది, ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. ఒకాయన బస్సు డ్రైవరు, గదిలోకి వస్తే వెలుతురు తగ్గేంత మనిషి. ఒకావిడకి మందుల షాపుంది. నలుగురికీ చిన్నావిడంటే ప్రాణం, కనుక నలుగురూ చేసే పని ఆవిడ పాటల్ని తిట్టుకోవడం. హిట్టు పాటలు ఎవడైనా మెచ్చుకుంటాడు, బీ సైడుల్లో ఏది అన్నిటికన్నా నాసిరకమో తేల్చాలంటే అసలైన అభిమానం ఉండాలని బావమరిది సిద్ధాంతం.

అందుకని ఏడాదికి ఒక ఆదివారం తీర్పు పెడతారు. నేరం మోపినవాళ్లు ప్లేయరు పక్కన నిలబడి పాట మొత్తం నోరు మూసుకుని వినాలి. తర్వాత వాదన. తర్వాత ఓటు. ఓటుకి చీటీలుండవు, మిగిలిపోయిన పళ్లుంటాయి. పాటని వదిలేద్దామంటే ముందు పన్ను, శిక్ష వేద్దామంటే దవడ పన్ను, గుడ్డ కప్పిన గిన్నెలో వేయాలి. దవడ పళ్లు ఎక్కువైతే ఆ రికార్డుకి ఏడాది జైలు. జైలంటే బావమరిది ఇంట్లో ఫ్రిజ్ నెత్తిన పడి ఉండటం. సరిసమానమైతే విడుదల.

బట్టల పాట మీద ఏటా నేరం మోపేవారు. ఏటా మందుల షాపావిడ జాలిపడి ముందు పన్ను వేసేది, ఇద్దరికి ఇద్దరై పాట బయటపడేది. ఈసారి ఆవిడ వస్తూనే పళ్లాయనతో చెప్పేసింది.

“అన్నయ్యగారూ, ఈ ఏడు నా దగ్గర జాలి స్టాకు లేదు.”

“అదేంటమ్మా?”

“ఎన్నాళ్లని కాపాడతానండీ? మొన్న షాపులో ఊరికే కూనిరాగం తీస్తుంటే, ఒంట్లో బాగాలేదా అని కస్టమరు అడిగాడు.”

బావమరిది చేతులు రుద్దుకున్నాడు. “బావా, ఫ్రిజ్ మీద చోటు తుడిచి వచ్చాను. కావాలంటే నెలకోసారి వచ్చి చూసుకుని పో.”

“ఒరేయ్, ఆ పాట సంగతి నీకు తెలీదు. నువ్వు గ్యాసు నింపుకునేవాడివి.”

“గ్యాసే నయం బావా, చల్లగానైనా ఉంటుంది. దాన్ని వింటే పాలు విరుగుతాయి.”

పళ్లాయన నవ్వలేదు. ఏడాదిపాటు ఆ ఎక్కిళ్లు లేకుండా పన్ను ఎలా నిలబెట్టాలా అని చూస్తున్నాడు. ఇంకో కాపీ దొరికే వస్తువు కాదది. కంపెనీ మూతపడింది. చిన్నావిడ పాటలు సగం ఫోన్లలోకి ఎక్కాయి గానీ ఈ బీ సైడుని ఎక్కించే ఓపిక ఎవరికీ పుట్టలేదు. ఆ ఒక్కటీ ఆయన పాత సామాన్ల కొట్టులో కొన్నది.

ఈసారి నేరం మోపినది డ్రైవరు. ప్లేయరు పక్కన నిలబడి పొట్ట లోపలికి పీల్చాడు. ముల్లు పడింది. మేడ మీద ఆ అమ్మాయి ఎప్పటిలాగే చచ్చీ చెడీ బట్టలు ఆరేయడం మొదలెట్టింది. సరిగ్గా చొక్కా ఎగరబోతుండగా పళ్లాయన భార్య టీ పళ్లెంతో వచ్చింది.

“కాస్త జరుగు నాయనా, వేడి.”

డ్రైవరు జరిగాడు. జరగడానికి ఆ గదిలో చోటు లేదు. బస్సు తిప్పే మోచెయ్యి పోయి ప్లేయరు స్పీడు మీటకి తగిలింది. ఆ కంపెనీ చిన్న రికార్డులన్నీ నెమ్మది స్పీడువే కనుక ఆ మీట ఏళ్ల తరబడి నెమ్మది దగ్గరే ఉండి, గులాబీ పొడి పట్టి బిగుసుకుపోయింది. ఇప్పుడది టక్కున వేగం వైపు పడింది.

బావిలో ఉన్న మనిషి ఒక్క గంతులో మేడ మీదికొచ్చింది. బొంగురు పోయి చిన్నావిడ గొంతు వచ్చింది, అందరూ ఎరిగిన ఆ గొంతే, గిన్నె మీద చెంచా కొట్టినట్టు. డ్రమ్ము పరిగెత్తింది. చొక్కా ఎగిరింది. పక్కింటివాడు దాన్ని తొడుక్కుని బయటికొచ్చాడని ఒక చరణం ఉందన్న సంగతే వాళ్లకి అంతవరకూ పట్టలేదు. ఆ చరణం పాడుతూ పాడుతూ ఆవిడ తమాయించుకోలేకపోయింది. చివర్లో వచ్చేది ఎక్కిళ్లు కాదు. నవ్వు. ఎదురుగా ఎవరో మొహం వంకరగా పెట్టినట్టున్నారు, పగలబడి నవ్వింది.

ముల్లు చివరి గీతలో గరగరలాడుతుంటే ఎవరూ తీయలేదు. టీ పళ్లెం పట్టుకునే ఉన్న భార్య అంది, “ఇదేదో బాగుందే. కొత్తదా?”

మందుల షాపావిడ రికార్డు తీసి లేబులు వెలుతురులో పెట్టింది. పాత కొట్టువాడి ధర చీటీ గోరుతో గీకితే కింద స్పీడు అంకె అచ్చేసి ఉంది. ఈ రికార్డుకి ముందువైపు నెమ్మది, రెండో వైపు వేగం.

“అయ్యో! మంచిగా ఉన్న మనిషికి ఇన్నేళ్లూ జ్వరం అంటగట్టామండీ,” అంది ఆవిడ. “నేనైతే ఆవిడకి ఏ మాత్రలు పనిచేస్తాయో కూడా చెప్పాను.”

“నా మోచెయ్యికి ఎవరైనా దండ వెయ్యండి,” అన్నాడు డ్రైవరు.

“బావా, నవ్వుని పట్టుకుని ఏడుపని మాతో వాదించావు కదా! ఎంత తిట్టావు మమ్మల్ని! మనసు లేనివాళ్లన్నావు!”

పళ్లాయన రికార్డు మళ్లీ పెట్టి, వేగం మీదే, మొదట్నుంచి చివరిదాకా విన్నాడు. నవ్వు దగ్గర తల కొంచెం వంచాడు, పై పళ్లూ కింది పళ్లూ సరిగ్గా కలిశాయో లేదో చూసేటప్పుడు దవడ పక్కన వంచినట్టే. నవ్వు ఖాయంగా నవ్వే. అక్కని వదిలి వచ్చిన కొత్తలోనే.

గిన్నె తిరిగింది. గుడ్డ తీస్తే మూడు ముందు పళ్లు, ఒక దవడ పన్ను.

“ఎవరిదిది?” అన్నాడు డ్రైవరు.

“నాది.”

బావమరిది టీ గుటక వేయబోయి ఆగాడు. “నీ పాటకి నువ్వే? ఇవాళ బతికి బయటపడిందని మేమంతా సంబరపడుతుంటే?”

“నాసిరకం పాటరా. బాగానే ఉంది. ఇలా నవ్వుకుంటూ పాడినవి ఆవిడకి బోలెడున్నాయి, వాటిల్లో ఇదే నాసిరకం.”

“అయితే నీ కోసం నెమ్మదిగానే పెట్టుకో బావా. మీట నీ చేతిలోనే ఉందిగా.”

“తెలిశాక ఎలా వినను?”

ఓటు ప్రకారం పాట విడుదలైంది, అయినా పళ్లాయన దాన్ని కవరులో పెట్టి బావమరిది చేతికిచ్చాడు. “ఫ్రిజ్ మీద పెట్టకు, వంగిపోతుంది. వినేవాళ్లెవరైనా ఉంటే ఇయ్యి.” తర్వాత కుళాయి కింద చేతులు కడుక్కుని, గోళ్లలో మైనం గీక్కుని, చెప్పులు తొడుక్కున్నాడు.

“ఏమండీ, ఇప్పుడెక్కడికి?”

“అన్నయ్య దగ్గరికి.”

భార్య పళ్లెం బల్ల మీద పెట్టేసింది. “నేనూ రానా?”

“వద్దు. ఒక్క మాట అడగాలి, అంతే. పాటల్ని అడిగి లాభం లేదు.”

మెట్లెక్కి, మలుపు తిరిగి, ఏళ్లుగా కాలు పెట్టని వీధిలోకి తిన్నగా నడిచాడు. ముగ్గురూ వెనకాలే మూల దాకా వెళ్లి గోడ చాటున నిలబడ్డారు. డ్రైవరు మాత్రం ఏ గోడ చాటునా పట్టలేదు.

అక్కడ ఏం జరిగిందంటే, తమ్ముణ్ణి గుమ్మంలో చూడగానే అన్న చేతిలో దవడ జారి భళ్లున పగిలింది. “నువ్వు వెళ్లినరోజు నీకు ఏడుపొచ్చిందా?” అని తమ్ముడు అడిగాడు. అంతే, అన్న భోరుమన్నాడు. ఇద్దరూ వాటేసుకున్నారు. వీధిలో బళ్లు ఆగిపోయాయి. ఆ షాపు అరల్లో ఉన్న దవడలన్నీ ఒక్కసారి టకటకలాడి చప్పట్లు కొట్టాయి. రొట్టెల కొట్టువాడు కళ్లు తుడుచుకుంటూ ఆ పూట రొట్టెలన్నీ ఊరికే పంచిపెట్టాడు. వాటిలో మూడు తిన్నవాళ్లు ఇంకా ఊళ్లోనే ఉన్నారు.

ఈ ముక్క నేను ఆయన గదిలో, ఆయన ఎదుటే చెబుతున్నప్పుడు పళ్లాయన మైనం కత్తి కింద పెట్టాడు. కళ్లజోడు తీశాడు.

“అదేం కాదు. అన్నయ్య అన్నం తింటున్నాడు. ఏడుపొచ్చిందా అని అడిగాను. లేదురా, ఆ రోజు హాయిగా నిద్రపట్టింది అన్నాడు. వదినకి మాత్రం వచ్చిందట, కొత్త గదికి కిటికీ లేదని. నా దగ్గర మైనం అయిపోయిందంటే ఒక పెట్టె ఇచ్చాడు, తెచ్చుకున్నాను. రొట్టెల కొట్టుకి ఆదివారం సెలవు.”