క్యారమ్ బోర్డు మీద నేసిన విందు

“పెద్దమ్మా, బోరిక్ యాసిడ్ పిల్ల కడుపులకు పోతే ఎట్ల?”

నేనీ మాట అన్నప్పుడు ఆండాళు పెద్దమ్మ తన భర్త క్యారమ్ బోర్డును తడిగుడ్డతో తుడుస్తోంది. ఆటలో కాయలు జారడానికి చల్లే పొడి బోరిక్ యాసిడే. నేను మైక్రోబయాలజీ చదివాను, జడ్చర్ల దగ్గర మందుల కంపెనీలో నాణ్యత పరీక్షలు చేస్తాను, ఏడాదిన్నర పిల్లకు తల్లిని. ఇవన్నీ ఒకే మనిషిలో ఉంటే ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి ఉండదని మా ఆయన శ్రవణ్ అంటాడు.

“తుడుస్తనే ఉన్న కద బిడ్డా. ఇంకా తుడిస్తే దీని గీతలు పోతయి, గప్పుడు మీ పెద్దనాయిన నన్ను ఇంట్లకెళ్లి తుడిచేస్తడు” అంది పెద్దమ్మ.

మేము అద్దెకుండే ఇల్లు ఆమెదే. అమరచింతలో మగ్గాల ఇంట్లో పుట్టి, పెళ్లయ్యాక కూడా చాలాకాలం చీరలు నేసింది. మోకాళ్ల నొప్పులొచ్చి మగ్గం దిగింది గానీ చేతులు ఊరుకోవు. తీగ మీద ఎవరు బట్టలు ఆరేసినా వెనకాలే వచ్చి రంగులు కుదిరేలా వరస మారుస్తుంది. మా పిల్ల లంగోటీలకు సైతం అంచూ కొంగూ ఏర్పడతాయి.

పైవాటాలో ఉండే నర్సు కరుణ ఏటా క్రిస్మస్ సాయంత్రం డాబా మీదికి అందరినీ పిలుస్తుంది. తలా ఒక వంటకం తేవాలి. పోయిన ఏడూ, అంతకు ముందటేడూ పెద్దమ్మ ఎండు మాంసం కూర తీసుకెళ్లింది. మేక మాంసాన్ని సన్నటి తునకలుగా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, డాబా మీద తీగకు గుచ్చి ఎండబెట్టడం వాళ్లింటి అలవాటు. ఆ వాసనకు జనం మెల్లగా బిర్యానీ వైపు జరిగారు. గిన్నె ఎంత నిండుగా ఎక్కిందో అంతే నిండుగా దిగింది. మిగిలినదంతా పెద్దనాయిన పరమేశ్వర్ ఒక్కడే, పూటపూటకూ నిట్టూరుస్తూ, తిన్నాడు. ఈసారి కూడా గిన్నె ఖాళీ కాకుంటే ఇక డాబా మెట్లెక్కనని పెద్దమ్మ తేల్చి చెప్పింది.

అందుకే నా ఫోనులో ఒక వీడియో చూపించాను. విదేశాల్లో క్రిస్మస్‌కు పెద్ద చెక్క పలక మీద ఉప్పు పట్టించి ఆరబెట్టిన మాంసం, చీజ్, పండ్లు, గింజలు పేరుస్తారు. దాన్ని షార్కుటరీ బోర్డు అంటారు. ఎవరికి కావాల్సింది వాళ్లు తీసుకుని తింటారు. పెద్దమ్మ వీడియోను పదేపదే చూసింది.

“ఎండిన మాంసమే కద. మనది తీగ మీద ఏలాడుతాంది, వాళ్లది పలక మీద పండుకున్నది. అంతే ఫరక్” అంది.

అంత పెద్ద పలక ఇంట్లో క్యారమ్ బోర్డు ఒక్కటే. పెద్దనాయిన ససేమిరా అన్నాడు. సాయంత్రమైతే పక్కింటి గుర్వయ్యతో ఆట లేనిదే ఆయనకు అన్నం అరగదు. వేయించిన తునకల్లో మొదటి వాయి ఆయనకేనని మాటిచ్చాక దిగొచ్చాడు. బోర్డు మూలల్లోని బొక్కల్లో పచ్చడి గిన్నెలు చక్కగా కూర్చున్నాయి. నా ప్రాణం కుదుటపడేదాకా మోదుగు విస్తరాకులు రెండు వరసలు పరిచాం.

ఇక మొదలైంది నేత. ద్రాక్షపండ్లు పిల్ల గొంతులో ఇరుక్కుంటాయని నేను ఒక్కోదాన్ని నాలుగు చీలికలు చేస్తుంటే, గింతగింత చేస్తే అంచు ఎట్లా నిలబడుతుందని ఆమె నా చేతిలోంచి కత్తి లాక్కుంది. చీజ్‌ను వాసన చూసి, సబ్బు కాదని నాతో ఒట్టేయించుకుని, నడుమ బుట్టాలుగా పెట్టింది. వేయించిన తునకలు నిలువు, సర్వపిండి రొట్టె ముక్కలు అడ్డం, ఒకటి పైనుంచి ఒకటి కిందనుంచి. సందుల్లో పల్లీలు, జామ ముక్కలు. కొంగు వైపు నువ్వుల ముద్దలు.

డాబా మీద పెట్టగానే అందరూ మూగారు. ఫోటోలు తీశారు. కరుణ వాళ్ల అమ్మకు వీడియో కాల్‌లో చూపించింది. వాళ్ల చర్చి పాస్టరుగారు ప్రార్థనలో అది పేర్చిన చేతులను ప్రత్యేకంగా దీవించారు. తర్వాత అందరూ బిర్యానీ వైపు వెళ్లిపోయారు.

ఒకాయన పల్లీ ఒకటి తీయబోతే భార్య చేతిమీద కొట్టింది, మంచిగున్నదాన్ని ఖరాబు చేయొద్దని. నేనూ ప్రయత్నించాను. ఒక తునక లాగితే దాని మీది సర్వపిండి, దాన్ని ఆనుకున్న జామ, మొత్తం కదిలాయి. భయమేసి వదిలేశాను. బిర్యానీ గిన్నె అడుగు కనబడుతోంది. పెద్దమ్మ నీళ్ల డ్రమ్ము పక్కన నిలబడి, కొంగు నోటికడ్డం పెట్టుకుని చూస్తోంది. ఆమె చూపు ఒకసారి మెట్లవైపు పోయింది. ఇక దిగిపోతుందనే అనుకున్నాను.

దిగలేదు. కేకు పక్కనున్న కత్తి తీసుకుని నేరుగా బోర్డు దగ్గరికి వచ్చింది.

“మగ్గం మీదున్న చీరెను ఎవరన్న కట్టుకుంటరా? కొయ్యాలె కద. నాకే యాది లేకపాయె” అంటూ నడిమధ్యన అడ్డంగా బరబరా కోసేసింది. దొరికినంత పిడికిట పట్టి పాస్టరుగారి చేతిలో పోసింది. “అయ్యగారూ, ప్రార్థన మస్తు చేసిండ్రు. ఇగ నమలుండ్రి.”

ఆయన నమిలారు. కాసేపు కళ్లు మూసుకున్నారు. తర్వాత ఇంకో పిడికిలికి చేయి చాపారు. అంతే, జనం మీద పడ్డారు. పల్లీ దగ్గర దెబ్బ తిన్న ఆయనను భార్యే పక్కకు తోసి తునకలు ఏరుకుంది. నేను తేరుకునేలోపు ఆకులు తేలాయి. వాటి సందుల్లోంచి కారం నూనె దిగి, బోర్డు నడిమి గుండ్రానికి ఎర్రటి మరక పట్టింది. అది చూసిన పెద్దనాయిన కిందికి వెళ్లిపోయాడు.

ఖాళీ బోర్డును ఇద్దరం మెట్లమీదుగా దింపుతున్నప్పుడు పెద్దమ్మ నాతో అన్నది: “బిడ్డా, ఏదన్న మస్తు మంచిగ జేసినవనుకో, ముందుగాల నువ్వే ఓ దిక్కు చెడగొట్టు. లేకుంటే ఎవ్వలు చెయ్యి పెట్టరు.”

ఇప్పుడు ఇంట్లో ఏ విందు జరిగినా, అతిథులు చూస్తుండగానే పళ్లెం నడుమ నేనే ముందు వేళ్లు దూరుస్తున్నాను. సబ్బుతో కడుక్కున్నాకే.