పడవలో గంటసేపు

మా తమ్ముడు నౌషాద్ ఒకచోట కుదురుగా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. అన్నం కూడా సగం నిలబడే తింటాడు. ఏలూరులో ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేస్తుంటాడు. చేతిలో పని ఉన్నంతసేపు బాగానే ఉంటాడు, పని అయిందంటే కాలుగాలిన పిల్లే. నేను జాకెట్లు కుడతాను. పొద్దున్న మిషను ముందు కూర్చుంటే మళ్లీ మధ్యాహ్నం నమాజుకే లేవడం. ఒకే తల్లి కడుపున పుట్టి ఇదేం విడ్డూరమో అనుకునేదాన్ని.

వాడు మొదలుపెట్టినవి బోలెడు, పూర్తిచేసినది ఒక్కటీ లేదు. తాడేపల్లిగూడెంలో డిప్లొమాలో చేరి రెండో ఏడు మధ్యలో వచ్చేశాడు. మా నాన్న అబ్దుల్ మజీద్ తివాచీలు నేసేవారు. వాణ్ణి మగ్గం దగ్గర కూర్చోబెడితే ఒక తివాచీ సగం నేసి పారిపోయాడు, మిగతా సగం నాన్నే నేశారు. మేడ మీద గదికి గోడలు లేచాయి, కప్పు పడలేదు. "వచ్చాడమ్మా ఆరంభశూరుడు" అనేవారు నాన్న, వాడు గుమ్మంలో కనబడగానే. ఆయన పోయేదాకా అదే పేరు. వాడు నవ్వేసేవాడు కానీ ఆ మాట వాడికి ఎంత లోతుగా గుచ్చుకునేదో నాకు తెలుసు.

అలాంటివాడు కొన్నేళ్ల కిందట ఒక ఆన్‌లైన్ ఆటలో పడ్డాడు. దాని పేరు ఇంగ్లీషులో మూరెడు పొడుగుంటుంది, నాకు నోరు తిరగదు. అదో పెద్ద లోకం. అందులో కొండలు, కోటలు, సంతలు, రాక్షసులు. ఎక్కడెక్కడి మనుషులో వేషాలు వేసుకుని తిరుగుతుంటారు. ఆట వాళ్లకి పనులు అప్పజెబుతుంది, వాటిని క్వెస్ట్‌లంటారు. కొన్ని పూటలో తేలిపోతాయి, కొన్నింటికి ఏళ్లు పడుతుంది. పెద్ద పని పూర్తయితే మన పేరు పక్కన ఒక బిరుదు బంగారు రంగులో వెలుగుతుంది. బిరుదులన్నీ సాధించినవాడికి చివర్న ఇంకొక్కటి ఇస్తారు. దాన్ని వాడే నాకు తెలుగులో చెప్పాడు, "సంపూర్ణుడు" అని.

నవ్వబోయి, వాడి మొహం చూసి ఆగిపోయాను.

వాడి భార్య సాజిదా మొదట్లో బాగానే పోట్లాడింది. "ఏవండీ, అక్కడ రాక్షసుల్ని చంపింది చాలు గానీ, ఇక్కడ వంటింట్లో బొద్దింకల్ని చంపండి" అనేది. నేనూ తక్కువ తినలేదు. పెళ్లయిన మగాడికి చిన్నపిల్లల ఆటలేమిటని దెప్పేదాన్ని. వాడు ఆడుతూనే ఉన్నాడు. ఆ లోకంలో ప్రతి కొండా ఎక్కాడు. మంచు కురిసే నెలలోనే పూసే ఒక పువ్వు కోసం ఏడాది కాచుకుని, ఆ పూట కరెంటు పోయి తప్పిపోతే, మరో ఏడాది కాచుకున్నాడు. మగ్గం దగ్గర గంట ఆగలేనివాడు! ఒక్కొక్క బిరుదే వెలుగుతూ వచ్చింది.

ఆ ఆటలో వాడికో జోడీ దొరికారు, శ్రీనివాసరావుగారని, ముదినేపల్లి రైతు. ట్రాక్టరు మీంచి పడి కాలు విరిగి మంచం ఎక్కినప్పుడు, ఆయన విసుగు భరించలేక వాళ్లబ్బాయి ఈ ఆట నేర్పాడట. కాలు కొంచెం వంకరగా అతుక్కుంది, ఆట మాత్రం వదల్లేదు. ఊళ్లో వ్యవసాయం చేసే మనిషి ఆటలోనూ వ్యవసాయమే చేసేవారు. నౌషాద్ ముందుండి కత్తి తిప్పితే ఆయన వెనకనుంచి తిండీ మందూ అందించేవారు. ఇద్దరూ హెడ్‌ఫోన్లలో మాట్లాడుకుంటూ ఆడేవారు. "నౌషాద్ గారూ, ఆ రాక్షసుడు తమరి వెనకాలే ఉన్నట్టున్నాడండీ, కాస్త చూసుకోండి" అని తీరిగ్గా చెప్పేవారు. ఆ అండీలన్నీ అయ్యేలోపు మావాడు చచ్చేవాడు.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ముదినేపల్లి ఏమంత దూరం కాదు, కొల్లేరు దాటి కైకలూరు వెళితే ఆ పక్కనే. రోజూ కలుస్తూనే ఉన్నాం కదా అనుకున్నారో ఏమో. ఒక ఏడు ఆయన బస్సులో కొత్త బియ్యం వేసి పంపించారు. ఆ బియ్యం మేమంతా తిన్నాం.

ఈ ఏడు ఏప్రిల్ మొదట్లో ఆటవాళ్లు ఒక ప్రకటన పెట్టారు. నెలాఖరు రోజు సాయంత్రం ఆరింటికి ఆటని శాశ్వతంగా మూసేస్తారట. అప్పటికి నౌషాద్‌కి మిగిలింది ఒకే ఒక్క క్వెస్ట్. చేతకాక చివరిదాకా పక్కన పెట్టింది అదే.

ఆ ఆటలో ఒక సరస్సు, సరస్సులో ఒక పడవ. ఏళ్ల తరబడి జంటగా ఆడినవాళ్లే ఆ పడవ ఎక్కాలి. గాలాలు వేసుకుని గంటసేపు కూర్చోవాలి. చేప ఎప్పుడు తగులుతుందో తెలియదు. ఆ గంటలో బెండు మునిగిన ప్రతిసారీ ఇద్దరూ ఒకేసారి మీట నొక్కాలి. ఒక్కరు ఏమరినా పడవ బోల్తా, మళ్లీ మొదటినుంచి గంట.

విచిత్రమేమిటంటే మావాడు కూర్చున్నాడు. కాలు ఊపుతూ, గోళ్లు కొరుకుతూ, మోగే ఫోను నోరు నొక్కి కూర్చున్నాడు. ఏప్రిల్ ఎండల్లో ఏసీ మెకానిక్ ఫోను ఎత్తకపోవడమంటే మాటలు కాదు. చెడగొట్టింది వాడు కాదు, శ్రీనివాసరావుగారు. మొదటిసారి కోత మిషను ఆయన వచ్చాడని లేచారు. రెండోసారి ఊళ్లో ఎవరో పెద్దాయన వచ్చారు. "గుమ్మంలో పెద్దమనిషి నిలబడితే కూర్చుని ఎలా ఉంటానండీ?" అన్నారు. మూడోసారి గంట నిండటానికి ఇంకాస్త సేపే ఉందనగా గుండుగొలను నుంచి వాళ్ల బావగారు దిగారు. హెడ్‌ఫోను పక్కన పెట్టిన చప్పుడూ, "రండి బావగారూ, రండి, ముందు కాళ్లు కడుక్కోండి" అన్న మాటా నౌషాద్‌కి వినబడ్డాయి. పడవ మునిగింది.

పక్క వాటాలో ఉన్న నాకు మిషను చప్పుడు మించి వాడి గొంతు వినబడింది.

"మీ మర్యాదలు తగలెయ్య! మనిషి కనబడితే చాలు, ఎగిరి లేవాలా? కాసేపు కూర్చుంటే మీ సొమ్మేం పోయిందండీ? మీవల్ల నా బతుకంతా..."

అక్కడ ఆగిపోయాడు. అవతలినుంచి శ్రీనివాసరావుగారు "సరేనండీ" అన్నారట. మా వైపు మనిషి నాలుగు తిట్లు తిట్టాడంటే కోపం దిగినట్టే. మెత్తగా "సరేనండీ" అన్నాడంటే తలుపు మూసి గడియ పెట్టుకున్నట్టు. ఆయన మళ్లీ ఆటలోకి రాలేదు. ఫోను చేస్తే ఎత్తలేదు.

నెలాఖరు రోజు వచ్చింది. పొద్దుటినుంచీ నౌషాద్ వీధిలోకీ పెరట్లోకీ తిరుగుతూనే ఉన్నాడు. ఎవరిదో ఫ్రిజ్ విప్పి సగంలో వదిలేసి చేతులు కడుక్కున్నాడు. మధ్యాహ్నం ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని బండి బయటికి తీశాడు. సాజిదా నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"తస్లీమ్ వదినా, ముదినేపల్లి వెళతానంటున్నారు. ఈ ఆత్రంలో బండిని ఏ చేపల చెరువులో దింపుతారో. మీరు వెంట వెళ్లండి."

"ఏ మొహం పెట్టుకుని వెళతావురా?" అని అడిగాను వాణ్ణి.

"ఉన్న మొహమే కదా ఆపా. ఎక్కు." అక్కని మేం ఆపా అనే పిలుస్తాం.

కొల్లేటి మీది రోడ్డున ఎండ నెత్తిమీద నిప్పులు పోసింది. రెండు పక్కలా చేపల చెరువులే. ముందు పోతున్న లారీలోంచి ఐసు నీళ్లు చిందుతుంటే చల్లగా ఉందని సంతోషించాలో, నీచు వాసనకి ముక్కు మూసుకోవాలో తెలియలేదు. వాడు ఆగకుండా టైము అడుగుతూనే ఉన్నాడు. కైకలూరు దాటాక రోడ్డు సగం మేర దాళ్వా ధాన్యం ఆరబోసి ఉంది. అక్కడ తప్పక మెల్లిగా పోనిస్తూ, వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి పూర్తిచెయ్యాలి ఆపా. నాన్న లేరు, చూసేదీ లేదు. అయినా."

"ముందు రోడ్డు చూడు" అన్నాను.

ముదినేపల్లిలో ఇల్లు అడిగి పట్టుకునేసరికి మూడు దాటింది. వరండాలో కుర్చీలో కూర్చున్న పెద్దాయన మా బండి ఆగగానే, వంకర కాలు ఈడ్చుకుంటూ లేచి నిలబడ్డారు. అంత కోపంగా ఉన్న మనిషీ, ఎవరు వచ్చారో తెలియకుండానే.

"నేనండీ, నౌషాద్‌ని" అన్నాడు మావాడు గేటు బయటే నిలబడి. "ఆ రోజు నోరు జారానండీ. క్షమించండి."

"ఎండన పడి వచ్చారు. ముందు మంచినీళ్లు తాగండి. భోజనాలయ్యాయా?"

అయ్యాయని అబద్ధమాడాడు. ఆయన నమ్మలేదు. ఆయన భార్య సత్యవేణిగారు అప్పటికే ఆకులు వేస్తున్నారు. మామిడికాయ పప్పు, చేపల పులుసు, గడ్డపెరుగు. నౌషాద్ ముద్ద మింగడం, గోడ గడియారం చూడటం. "మెల్లిగా తినండి బాబూ, ఇంకొంచెం పులుసు వెయ్యమంటారా?" అని ఆవిడ. పుణ్యకాలం కాస్తా పులుసులోనే గడిచిపోతుందని నేను భయపడ్డాను.

చేతులు కడుక్కున్నాక సత్యవేణిగారే చెప్పారు. "ఈయన పొద్దుటినుంచీ ఆ కంప్యూటరు వేసుకుని దాని ముందు కూర్చున్నారండీ. ఆట తెరవరు, అలాగని కట్టెయ్యరు. ఇప్పుడే వరండాలోకి వచ్చారు."

శ్రీనివాసరావుగారు తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. "తప్పు నాది కాదనను నౌషాద్ గారూ. కానీ ఇంటికి మనిషి వస్తే కూర్చుని ఉండటం నాకు రాదండీ. మీరు ఎన్నన్నా రాదు."

"అర్థమైందండీ" అన్నాడు నౌషాద్. వాడికేం అర్థం కాలేదని నాకు తెలుసు. పడవ ఎక్కితే చాలని అన్నాడు.

నాలుగున్నరకి ఎక్కారు. ముందుగదిలో పక్కపక్కనే రెండు కుర్చీలు, ఆయన కంప్యూటరు, వీడి ల్యాప్‌టాప్. ఈసారి శ్రీనివాసరావుగారు ఏర్పాట్లన్నీ చేశారు. గేటుకి తాళం వేయించారు. ఎవరొచ్చినా ఇంట్లో లేరని చెప్పమని సత్యవేణిగారిని వరండాలో కూర్చోబెట్టారు. ఫోన్లు ఆపించారు.

తెరమీద బూడిదరంగు నీళ్లు, చిన్న పడవ, అందులో కత్తి దించిన వీరుడొకడు, తలపాగా చుట్టుకున్న రైతొకడు. బెండు మునిగింది. ఇద్దరూ నొక్కారు. మళ్లీ ఎంతోసేపటికి మునిగింది. నొక్కారు. మొదట్లో నౌషాద్ కాలు బల్లని తంతూనే ఉంది. పోగా పోగా ఆ కాలు ఆగింది. వాడి భుజాలు కిందికి జారాయి. ముప్ఫై ఏళ్లుగా చూస్తున్నాను, వాడి ఒంట్లో అంత నెమ్మది నేనెరగను. నేను మాత్రం నిలవలేకపోయాను. లేచి కిటికీదాకా వెళ్లాను, వచ్చాను, మళ్లీ వెళ్లాను. మనసులో దువా చేసుకున్నాను. బొమ్మ పడవ కోసం దువా చేసే రోజు వస్తుందని ఎవరైనా చెబితే నమ్మేదాన్నా!

ఐదుంబావు దాటింది. ఇంకొక్క పావుగంట.

లోపలి గదిలోంచి చేతికర్ర చప్పుడైంది. గేటుకి తాళం వేశారు, ఊళ్లో జనాన్ని ఆపారు, ఇంట్లోనే ఉన్న మనిషి సంగతి ఎవరికీ తట్టలేదు. శ్రీనివాసరావుగారి తల్లి వెంకటనరసమ్మగారు. మంచం దిగడమే తక్కువట. కొడుకుతో ఇన్నేళ్లుగా మాట్లాడే ఏలూరు అబ్బాయి వచ్చాడని ఎలా విన్నారో, ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో గోడ పట్టుకుని గుమ్మందాకా వచ్చేశారు.

"ఏడీ? మావాడి స్నేహితుడేడీ?"

నౌషాద్ లేచి నిలబడ్డాడు.

ఆలోచించి లేవలేదు. లేచిన సంగతి కూడా అప్పటికి వాడికి తెలియదు. రెండు చేతులూ జోడించి, "నమస్కారమండీ మామ్మగారూ" అన్నాడు. సరిగ్గా అప్పుడే బెండు మునిగింది. శ్రీనివాసరావుగారు నొక్కారు. నొక్కాల్సిన రెండో చెయ్యి నమస్కారంలో ఉంది. పడవ పక్కకి ఒరిగి తిరగబడింది. తెరమీద నీళ్లు తప్ప ఇంకేమీ లేవు.

ఆరుకి గంట లేదు. అంతా అయిపోయింది.

నాకు ఆ ముసలావిడ మీద ఒళ్లు మండిపోయింది. ఆ వెంటనే ఏడుపు ముంచుకొచ్చింది. ఆటని ఇన్నాళ్లూ వెక్కిరించినదాన్ని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. వాడి బతుకులో ఒక్కటి పూర్తవుతుందని నేనూ ఆశపడ్డాను మరి. శ్రీనివాసరావుగారు మీట మీది వేలు తియ్యకుండా అలాగే కూర్చున్నారు.

వెంకటనరసమ్మగారు మమ్మల్ని ఒక్కొక్కరినే చూశారు.

"ఏవైందిరా శీనూ? ఆ అమ్మాయి ఎందుకేడుస్తోంది? నేను రాకూడని టైములో గానీ వచ్చానా?"

శ్రీనివాసరావుగారు నౌషాద్ వైపు చూశారు.

నౌషాద్ తెరవైపు తిరగలేదు. తను కూర్చున్న కుర్చీ ఎత్తి తీసుకెళ్లి ఆవిడ దగ్గర వేశాడు. భుజం కింద చెయ్యి వేసి పట్టుకున్నాడు.

"మీరు రాకూడని టైమేముంటుందండీ మామ్మగారూ" అన్నాడు. "మీరొచ్చారు, లేచాను. అంతే. కూర్చోండి."