స్పీకర్ కుర్చీల పట్టిన కునుకు

మొన్న శనివారం మా కాలేజీల ఒక చట్టం పుట్టకముందే చచ్చిపోయింది. చంపింది నేనే. అప్పుడే నవ్వకుండ్రి, చాయ్ తాగుకుంట మొత్తం వినుండ్రి.

నేను పాలకుర్తి నుంచి జనగామకు బస్సుల పోయి చదువుకుంటనని మీకు ఎరుకే గద. సాయంత్రం మా కాలేజీ గంట కొట్టేసరికే మా ఊరి మీదికెళ్లి పోయే తొర్రూరు బస్సు వెళ్లిపోతది. ఇంకో బస్సు పట్టుకొని ఇల్లు చేరేసరికి మసక చీకటైతది. బాపు చూసి చూసి ఒకనాడు అననే అన్నడు. "ఆడిపిల్ల రోజూ దీపాలు పెట్టినంక వచ్చుడైతే ఆ చదువు నాకొద్దు బిడ్డా."

గదే వారం మా సివిక్స్ సారు హాల్ల లోక్‌సభ పెట్టిండు. చట్టం ఎట్ల తయారైతదో ఎన్నిసార్లు చెప్పినా మా బుర్రలకు ఎక్కలేదు మరి. స్పీకర్‌కు కుడిదిక్కు సర్కారు, ఎడమదిక్కు ప్రతిపక్షం. రాజ్యసభకు పిల్లలు సరిపోక, లెక్చరర్ల గదినే రాజ్యసభ అనుకోమన్నడు. ప్రిన్సిపాల్ రాష్ట్రపతి. ఆయన ముందే చెప్పిండు: "కాలేజీకి పనికొచ్చే బిల్లు పాస్ చేస్తే నేను ఉత్తుత్తిగ కాదు, నిజంగనే సంతకం పెడ్త."

ఇగ చూడుండ్రి, మా బస్సోళ్లకు పానం లేచివచ్చింది. నాతోని అదే బస్సుకు ఉరికే ఐలయ్య మంత్రి అయ్యిండు. పొద్దున అరగంట ముందుగాల కాలేజీ మొదలుపెట్టాలె, సాయంత్రం అరగంట ముందు వదలాలె. గదీ వాని బిల్లు. ప్రతిపక్ష నాయకుడు రమేశ్. వాళ్ల ఇల్లు కాలేజీ గోడకు ఆనుకొనే ఉంటది, మొదటి గంట విని మంచం దిగే మనిషి. వానికి ఈ బిల్లంటే నిద్ర పాడైనట్టే.

"స్పీకర్ ఎవరు సార్?" అని అడిగిన్రు.

సారు నా దిక్కు చూసిండు. "ఈమె ఎట్లాగూ ఎవ్వలతోని మాట్లాడది. ఏ పక్షానికీ ఒరగది."

పోయి పెద్ద కుర్చీల కూసున్న. ఐలయ్య బిల్లు పెట్టిండు. చర్చ మొదలైంది. పేరు పిలుస్తే లేస్తున్నరు, చెయ్యి ఎత్తితే కూసుంటున్నరు. నా చెయ్యికి అంత బలమున్నదని నాకే తెల్వదు. తర్వాత ఒక్కొక్క నిబంధన మీద ఓటు. శనివారం ఒక్కపూట వదిలిపెడితే మేలని రమేశ్ సవరణ తెచ్చిండు, అది వీగిపోయింది. బిల్లంటే ఒక్కసారి చేతులెత్తితే అయిపోయేదనుకున్న గని, వడ్లు చెరిగినట్టు మాట మాట చెరుగుతరని అప్పుడు తెలిసింది.

మధ్యాహ్నం బువ్వ తిన్న పానమాయె. పైన ఫ్యాను మెల్లగ తిరుగుతున్నది. ఒక్కొక్కరు లేచి "అధ్యక్షా" అంటుంటే, ఆ మాట మడిలకు నీళ్లు పారినట్టు సల్లగ చెవులల్లకు పారుతున్నది. కిటికీ అవతల ఢిల్లీ దిక్కు పోయే రైలు కూతేసింది. హాలు గుండ్రంగ అయినట్టు, గోడలు దూరం జరిగినట్టు అనిపించింది.

చివరికి మొత్తం బిల్లు మీద ఓటు. ఒప్పుకునేటోళ్లు "అవును" అన్నరు, ఒప్పుకోనోళ్లు "కాదు" అన్నరు. రెండూ ఒక్క తీరుగనే వినబడ్డయి. రమేశ్ లేచి, "గొంతులు కాదు, తలలు లెక్కపెట్టాలె అధ్యక్షా" అన్నడు. సారు బెంచీల నడుమ తిరుగుకుంట లెక్కపెడుతున్నడు. ఆ లెక్క నాకు జోలపాట అయ్యింది.

అప్పటికే నేను బస్సుల ఉన్న. కిటికీ పక్క సీటు. ఎండ ఇంకా పసుపుపచ్చగ ఉన్నది. వరిచేలు గాలికి వంగి లేస్తున్నయి. తలకు గాలి తగులుతుంటే, బస్సు రోడ్డు మీద కాక ఆ పచ్చదనం మీద తేలిపోతున్నట్టున్నది. బిల్లు పాసయ్యింది, అందరం పొద్దుండంగనే ఇంటికి పోతున్నం. కండక్టర్ వచ్చి మెల్లగ అడిగిండు. "పాలకుర్తి వచ్చింది, నువ్వు దిగేది ఇక్కడనే గదా బిడ్డా?"

ఆ సీటు విడిచి ఎట్ల దిగబుద్దైతది?

"కాదు, కాదు" అన్న గట్టిగ.

కండ్లు తెరిస్తే హాలంత నన్నే చూస్తున్నది. ఐలయ్య నోరు తెరిచే ఉన్నడు. సంగతేందంటే, రెండు దిక్కుల ఓట్లు సమానమైనయట. అట్లైనప్పుడు స్పీకర్ ఓటే తేలుస్తదట. "మీ ఓటు అవునా, కాదా?" అని సారు అడిగిండట.

"సార్, నేను బస్సుల ఉన్న" అన్న.

"సభల అన్న మాట అన్నట్టే" అన్నడు సారు. "బిల్లు వీగిపోయింది. ఇదే బిల్లును ఈ సమావేశాలల్ల మళ్ల తేవద్దు. సంక్రాంతి సెలవుల తర్వాతనే."

రమేశ్ సుత చప్పట్లు కొట్టుడు మరిచి నన్ను చూసిండు. ఆ సాయంత్రం బస్టాండుల మావోళ్లు ఒక్కలు నాతోని మాట్లాడలే. ఐలయ్య పల్లీలు కొని, నన్ను తప్పిచ్చి అందరికీ పంచిండు.

ఇంటికి పోయి భయపడుకుంట బాపుకు చెప్పిన. బాపు బీడీ ముట్టిచ్చుకున్నడు. "నీ బస్సు బిల్లు నీ ఓటుతోనే పోయిందా?"

"ఔ బాపు."

"అరవైతొమ్మిదిల తెలంగాణ లొల్లికి కాలేజీలు బందయి, మీ అన్న ఏడాది పొడుగు ఇంట్ల కూసొని నా పానం తీసిండు. నువ్వు సుత ఇంట్ల కూసుంటే నేను ఓపలేను. దీపాలు పెట్టినంకనే రా గని, కాలేజీకి పో."

గట్ల చదువైతే దక్కింది. సోమవారం సభ మళ్ల కూడింది. రమేశే లేచి, స్పీకర్‌ను మార్చాలని తీర్మానం పెట్టిండు. ఐలయ్య బలపరిచిండు. సర్కారు, ప్రతిపక్షం కలిసి ఒక్క గొంతుతోని "అవును" అన్నయి. మా లోక్‌సభల ఎదురు లేకుంట పాసైంది గదొక్కటే. అందరికన్న గట్టిగ "అవును" అన్నది నేనే. ఈసారి పూర్తిగ మెలకువతోనే అన్న.