గూట్లో పదకొండు మంది

ఆ రోజుల్లో బడి సారు బజార్లో నిలబడి మిర్చీబజ్జీ తిన్నా పరువు పోయేది. అట్లాంటిది, ఇరవై నాలుగేళ్ల గడ్డం సారు చిన్నపిల్లల్లా క్రికెట్ బొమ్మల కార్డులు పోగేస్తున్నాడని తెలిస్తే ఇంకేమన్నా ఉందా! చిన్నప్పుడు నా దగ్గర బబుల్‌గమ్ కార్డులు బూట్ల డబ్బా నిండా ఉండేవి. పదో తరగతి పరీక్షల ముందు మా అమ్మ వాటిని నీళ్ల పొయ్యిలో పెట్టింది. ("అందరు ఒక్కసారే ఔటయిండ్రు, ఇగ సదువుకో" అన్నది. ఆ పొయ్యి మీద కాగిన నీళ్లతో స్నానం చేయనని రెండు రోజులు మొండికేశాను.) ఆ పిచ్చి అంతటితో వదిలిందనే అనుకున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నాకు ఇటిక్యాల దగ్గర బడిలో ఉద్యోగం వచ్చింది. ఒక సాయంత్రం బస్టాపులో ఆకలికి చిప్స్ ప్యాకెట్ చింపితే, లోపలి నుంచి ఒక కార్డు జారి కాళ్ల దగ్గర పడింది. ఎడంచేతి బ్యాట్స్‌మన్, బ్యాటు పైకెత్తి నిలబడ్డాడు. దుమ్ము తుడిచి జేబులో పెట్టుకున్నాను. ఆనాటి నుంచి రోజుకు మూడు ప్యాకెట్లు. "ఎవలికి సారూ గిన్ని?" అని దుకాణమాయన అడిగితే "మా అన్న కొడుక్కు" అనేవాణ్ణి. (మా అన్నకు అప్పటికి పెళ్లే కాలేదు.) వికెట్‌కీపర్ దొరికేసరికి పొట్ట ఉబ్బి దవాఖానకు కూడా పోయొచ్చాను.

నేనుండేది గద్వాలలో, గడియారాలు బాగుచేసే ఒక చాచా ఇంట్లో. పాతకాలపు ఇల్లు. ముందుగది నాది, లోపల చాచా, చాచీ, చాచా వాళ్లమ్మ. ఆ ముసలామెను నేనెప్పుడూ చూడలేదు, గోడ అవతల దగ్గు మాత్రం వినబడేది. నా గది గోడలో చెక్క తలుపుల గూడు ఒకటి ఉంది. ఎవరి కంటా పడకుండా నా పదకొండు మందిని అందులో మైదానంలా పరిచి, మధ్యలో ఎదుటి జట్టు బ్యాట్స్‌మన్లు ఇద్దరిని నిలబెట్టేవాణ్ణి. గూటి తలుపు మూసి, గదికి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకుని బడికి పోయేవాణ్ణి.

ఒకరోజు వచ్చి చూస్తే స్లిప్పులో ఉండాల్సినవాడు పాయింట్‌లో ఉన్నాడు. నేనే మరిచానేమో అనుకుని సర్దాను. మర్నాడు మళ్లీ పాయింట్‌లోనే. కిటికీ మూసే ఉంది, తాళం వేసినట్టే ఉంది. ఎలుకేమో అనుకుందామంటే, ఎలుకకు స్లిప్పేదో పాయింటేదో ఎట్లా తెలుస్తుంది? మూడోనాడు ఒక బ్యాట్స్‌మన్ బోర్లా పడుకుని ఉన్నాడు. గూట్లోంచి సన్నగా అత్తరు వాసన వస్తోంది. బయటికి ఉరికాను. చాయ్ హోటల్ టీవీలో ఆనాటి మ్యాచ్ మళ్లీ చూపిస్తున్నారు. అదే బ్యాట్స్‌మన్ ఔటయ్యాడు. క్యాచ్ పట్టింది పాయింట్‌లో! చాయ్ సగం ప్యాంటు మీదే ఒలికింది.

నేరుగా దర్గాకు పోయి, దాని బాగోగులు చూసే ముజావర్ ముందు కూర్చున్నాను.

"ఏం కనబడ్తుంది బేటా?" అన్నాడాయన.

"ఏం కనబడదు. ఫీల్డింగు మారుతుంది."

ఆయన కళ్లు మూసుకుని చాలాసేపు ఆలోచించాడు. "బౌలింగు ఎవలిది?" అన్నాడు. చెప్పాను. "గట్లయితె మార్చుడే మంచిది" అంటూ తాయెత్తు కట్టాడు. మర్నాడు ఏకంగా ఇద్దరు కదిలారు.

ఇక నా వల్ల కాలేదు. ఆ గూటికి వీపు పెట్టి అన్నం కూడా తినలేకపోయేవాణ్ణి. గది ఖాళీ చేస్తానని చాచాకు చెప్పేశాను. "ఏమైంది సారూ, నీళ్ల పరేషానా?" అన్నాడు పాపం. "గాలి ఆడ్తలేదు చాచా" అన్నాను. (గాలి ఆడుతోందనే కదా నా భయమంతా!)

ఆదివారం మధ్యాహ్నం పెట్టె సర్దుకుని, ఆఖరుకు కార్డులు తీద్దామని గూటి తలుపు తెరిచాను. లోపల వెనక చెక్క కిర్రుమంది. చీకట్లోంచి ముడతలు పడ్డ చెయ్యి ఒకటి మెల్లగా ముందుకు వచ్చింది. వేలికి వెండి ఉంగరం, గోళ్లకు గోరింటాకు, అదే అత్తరు వాసన. రెండు వేళ్లతో స్లిప్పు ఫీల్డర్‌ను పట్టుకుంది. "అమ్మో!" అని నేను పెట్టిన కేకకు అది అట్లాగే ఆగిపోయింది.

"సారా? ఇయ్యాల బడి లేదా?" అన్నది గోడ.

"ఆదివారం" అన్నాను గోడతోనే.

"యా అల్లా, ఐతారమా ఇయ్యాల!"

అప్పుడు తెలిసింది. నా గది ఒకప్పుడు ఆ ఇంటి దివాన్‌ఖానా. మగ చుట్టాలు వస్తే ఆడవాళ్లు పరదా దాటకుండానే చాయ్ అందించడానికి, గోడకు రెండు వైపులా తలుపులు పెట్టి కట్టిన గూడు అది. నేను వెనక చెక్క అనుకున్నది రెండో తలుపు. అవతల చాచా వాళ్లమ్మ, దాదీ, రేడియోలో కామెంట్రీ వింటూ, విన్నది విన్నట్టు నా ఆటగాళ్లను జరిపేది.

"మా ఇంటాయన చాయ్ కప్పులు పెట్టి నేర్పిండు బేటా ఈ ఆట. ఆయన పోయినంక ఎవలు చెప్తరు? నువ్వు ఆటగాళ్లను పెట్టి పోతుంటె మస్తు సంబురమైంది. మా కొడుక్కు చెప్పకు. ముసల్దానికి బొమ్మలాటేందని నవ్వుతరు."

"నా సంగతి గూడ ఎవలికి చెప్పకు దాదీ" అన్నాను.

చెయ్యి స్లిప్పు ఫీల్డర్‌ను వదిలి వెనక్కు పోయింది. తర్వాత ఆ గొంతు మెల్లగా, "ఖాళీ చేస్తున్నవంట గద? నువ్వు పోతె ఈ గూట్లె మళ్ల పచ్చడి జాడీలు పెడ్తరు" అన్నది. సర్దిన పెట్టె విప్పేశాను.

ఆ గదిలో మూడేళ్లున్నాను. చెయ్యి తప్ప ఆమె ముఖం ఒక్కనాడూ చూడలేదు. పొద్దున బడికి పోయేముందు కావాలనే ఒకణ్ణి తప్పు చోట నిలబెట్టేవాణ్ణి. సాయంత్రానికి వాడు ఉండాల్సిన చోట ఉండేవాడు. ఒక్కోసారి గోడ అవతలి నుంచి "ఇంక నేర్వకపోతివి సారూ!" అని తిట్లు కూడా పడేవి. తర్వాత వనపర్తికి బదిలీ అయింది. ఆమె పోయిన సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇప్పుడు నా కార్డులు దర్జాగా అద్దాల బీరువాలో ఉన్నాయి. సారు పరువును ఎవరూ పట్టించుకోరు, నేను అసలే పట్టించుకోను. ఫీల్డింగు మారిందని తాయెత్తు కట్టించుకున్న ఆ పిరికి పిల్లగాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. అయినా బడికి పోయేముందు ఒక ఫీల్డర్‌ను తప్పు చోట పెట్టే పోతాను. సాయంత్రం వచ్చి, బూట్లైనా విప్పకుండా బీరువా దగ్గరికి పోయి చూస్తాను. పెట్టిన చోటే ఉంటాడు.