హ్యాండ్ బ్రేక్ వేయని స్టాండు

రెండేళ్ల కిందట, ఎండాకాలంలో, ఆత్మకూరు షేర్ ఆటో స్టాండులో మా వైర్‌లెస్ చార్జర్‌ను పరీక్షకు పెట్టాం. ఎలక్ట్రిక్ బండ్లకు అలాంటి చార్జర్లు తయారుచేయడమే నా ఉద్యోగం. నేలలో పాతిన పలకలో ఒక కాయిల్, అంటే గుండ్రంగా చుట్టిన రాగి తీగ ఉంటుంది. బండి అడుగున ఇంకొకటి. రెండూ ఒకదానిపై ఒకటి సరిగ్గా వస్తే ప్లగ్గు పెట్టే పని లేకుండానే బ్యాటరీ నిండుతుంది.

ఆ స్టాండులో ఎలక్ట్రిక్ ఆటో మస్తానమ్మక్కకు ఒక్కదానికే ఉంది. అనంతసాగరానికి మూడు ట్రిప్పులు వేసేసరికి బ్యాటరీ అయిపోయేది. మధ్యాహ్నం తన వంతు కోసం ఆటోల వరసలో, వాళ్ల మాటల్లో సీరియల్లో, ఉన్నంతసేపూ చార్జింగ్ ఎక్కితేనే సాయంత్రం నాలుగో ట్రిప్పు. అది పడకపోతే ఆటో అమ్మేసి మళ్లీ కూలికి పోతానని మొదటి రోజే తేల్చి చెప్పింది.

పది రోజులైనా నాలుగో ట్రిప్పు కుదరలేదు. లాగ్‌లో, అంటే చార్జర్ తనంతట తాను రాసుకునే చిట్టాలో, కొన్ని నిమిషాలకే బండి కాయిల్ అందడం లేదని ఉంది. బండి తాళం తిప్పిన గుర్తు మాత్రం లేదు. తాళం తిప్పకుండా బండి కదలదు కాబట్టి తప్పు మా సర్క్యూట్‌దేనని రెండుసార్లు బోర్డు మార్చాను. మేనేజరు అంతా పీకేసి వచ్చేయమన్నాడు. నాకు రోషం వచ్చింది. నేను పుట్టింది ఉదయగిరిలో, ఇంత దగ్గరి ఊళ్లో పరువు పోగొట్టుకుని ఎలా వెళ్లను? మర్నాడు పొద్దున్నే వచ్చి స్టాండులోనే కూర్చున్నాను.

మధ్యాహ్నానికి గుట్టు తెలిసింది. అక్క ఆటోను పలక మీద నిలిపి అన్నానికి పోయింది. వరసలో ముందున్న ఆటో వెళ్లిపోగానే వెనకాయన దిగి, అక్క సీరియల్ పోకూడదని ఆమె బండిని చేత్తో ముందుకు తోశాడు. ఆ సాయానికి చార్జింగ్ ఆగిపోయింది. నాకు కోపమూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

అక్క రాగానే ఇకమీదట హ్యాండ్ బ్రేక్ వేసి పొమ్మన్నాను.

"సీరియల్లో ఎవురూ హ్యాండ్ బ్రేక్ వెయ్యరబ్బయా. నా ఒక్కదాని కోసం ఎనకున్నోళ్లంతా ఆగిపోవాల్నా?" అంది.

"మరి సాయంత్రం ట్రిప్పు?"

"అది నువ్వు చూడాల. ఇంత చదివినావే, బండి యాడుంటే ఆడికి కరెంటు రాదా ఏంది?"

ఆ మాట గుచ్చుకుంది. ఒక పెద్ద పలక కాదు, వరసలో ఐదు చోట్ల ఐదు చిన్న పలకలు కావాలి. కాయిల్ చిన్నదైతే కరెంటు వృథా అవుతుందని, వేడెక్కుతుందని మేనేజరు ఒప్పుకోలేదు. నేనూ వదల్లేదు. అయస్కాంత శక్తిని పక్కలకు పోనీయకుండా పైకి మళ్లించే నల్లటి ఫెర్రైట్ బిళ్లలను కాయిల్ కింద మార్చి మార్చి పేర్చాను. పదకొండో అమరిక నిలబడింది. బండి వంకరగా నిలిస్తే మళ్లీ నష్టమే కనుక, ముందు చక్రం దిగేలా ప్రతి పలక దగ్గరా సిమెంటులో చిన్న గుంట పెట్టించాను.

రెండు నెలల తర్వాత అక్క మళ్లీ బండిని వరసలో పెట్టి అన్నానికి పోయింది. వెనకాయన తోశాడు. చక్రం గుంటలో దిగింది, పచ్చ లైటు వెలిగింది. వరస కదిలినప్పుడల్లా అంతే. సాయంత్రం అక్క అనంతసాగరం జనాన్ని ఎక్కించుకుని, నావైపు చూసే తీరికైనా లేకుండా వెళ్లిపోయింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

బండి పెట్టినచోటే ఉంటుందనుకుని నేను చార్జర్ నమూనా గీశాను. దాన్ని ముందుకు తోసే మనుషులుంటారని నాకు తట్టలేదు. ఇప్పుడు ఏ కొత్త స్టాండుకు పోయినా వోల్టేజీ సంగతి తర్వాత, ఇక్కడ హ్యాండ్ బ్రేక్ వేస్తారా, వేయరా అని ముందు అడుగుతాను.