తళతళ మేస్త్రి కడిగేసిన స్ప్రింగు

మా వీధిలో ఆయన్ని అందరూ తళతళ మేస్త్రి అనేవారు. కార్ల కింద దూరి స్ప్రింగులు, షాకబ్జార్లు బాగుచేయడం ఆయన పని. అయితే ఏ భాగాన్నయినా కిరసనాయిలుతో తడిపి, తీగ బ్రష్షుతో రుద్ది, అద్దంలా మెరిపించనిదే దాని గురించి నోరు విప్పేవాడు కాదు. మా కాన్వెంటులో సిస్టరు మా గోళ్లు చూసినట్టు ఒక్కో బోల్టునీ తిప్పి తిప్పి చూసేవాడు. ఆయన కడిగిన నట్టులో ముఖం చూసుకుని నేను మీసం కత్తిరించుకున్నాను. అబద్ధమనుకుంటే నా మీసం చూడండి, ఒకవైపు కాస్త వంకరగా ఉంటుంది. నట్టు చిన్నది మరి.

షెడ్డు ఆయన అత్తగారిది. ఈయన పెద్దల్లుడు. చిన్నల్లుడు అదే షెడ్డులో పాత కార్లు కొని అమ్మేవాడు. తోడల్లుళ్లిద్దరికీ క్షణం పడదు. ఒకరు రేడియో పెడితే ఇంకొకరు గ్రైండరు ఆన్ చేసేవారు. ఒకరి టీ గ్లాసు ఇంకొకరి బల్ల మీద కనిపిస్తే చెత్తబుట్టలోకి పోయేది.

ఒకరోజు చిన్నల్లుడు ఒక ఎలక్ట్రిక్ కారు తెచ్చాడు. వాడిన బండే కానీ మామూలుది కాదు. అదే మోడల్లో వేగం కోసం గట్టి స్ప్రింగులు వేసి చేసిన రకం. అది గుమ్మం దగ్గరి గతుకు దాటుతుండగా ఎడమ ముందు చక్రం చేసిన చప్పుడు మేస్త్రికి నచ్చలేదు.

"ఆ స్ప్రింగు దీనిది కాదు. ఎవడో మామూలు రకానిది తెచ్చి దూర్చాడు," అన్నాడు.

"చూడకుండానే చెప్పేశారా అన్నయ్యా? బండ్లకి జాతకాలు కూడా రాస్తున్నారా?" అన్నాడు చిన్నల్లుడు.

"చూసే చెబుతా. ర్యాంపెక్కించు."

"ఎక్కిస్తా. నా బండికి వంక పెట్టందే మీకు అన్నం అరగదు కదా. రుజువు చూపించలేకపోతే రేపటి నుంచి ఈ షెడ్డులో మీ ముఖం కనపడకూడదు."

"చూపిస్తే?"

"నా చేత్తో నేనే స్ప్రింగు మారుస్తా. మీరు కాలు మీద కాలేసుకుని చూడండి."

కర్ర తాటించుకుంటూ అత్తగారు లోపలి గదిలోంచి వచ్చింది. "ఇద్దరూ అన్నారు, నేను విన్నాను. మాట తప్పితే ఊరుకోను," అంది. ఆ షెడ్డులో ఆమె మాటకు తిరుగు లేదు.

స్ప్రింగు బలం కంటికి కనపడేది కాదు. రెండు వైపులవీ ఒకే నలుపు, ఒకే లావు. తయారు చేసేటప్పుడు పెట్టే రంగు చుక్కలే ఏది ఏ రకమో చెబుతాయి. కుడివైపు చుక్కలు శుభ్రంగా కనపడుతున్నాయి, అవి గట్టి రకానివే. ఎడమదాని మీద బురద గడ్డకట్టి ఉంది. ఇంకెవరైనా అయితే తడిగుడ్డతో మెల్లగా ఒత్తి చూసేవారు. మేస్త్రి చెయ్యి అలవాటు కొద్దీ కిరసనాయిలు డబ్బా కోసం వెతికింది. చిన్నల్లుడు డబ్బా అందించాడు. తీగ బ్రష్షు కూడా అందించాడు. వాళ్లు తోడల్లుళ్లయ్యాక అతను ఈయనకు ఏదైనా అందించడం అదే మొదలు. మేస్త్రికి అనుమానం రావలసింది. రాలేదు.

రుద్దాడు. బురద పోయింది, తుప్పు పోయింది, నలుపు సగం పోయింది. దాంతోపాటు చుక్కలూ పోయాయి.

"ఏ రంగు కనపడింది అన్నయ్యా?"

మేస్త్రి బ్రష్షు వైపు చూస్తూ నిలబడిపోయాడు.

"స్నానం బాగా చేయించారు. పౌడరు కూడా రాస్తారా?"

"రుజువు లేదు బాబూ," అంది అత్తగారు. "మాట మాటే."

మేస్త్రి పనిముట్ల పెట్టె భుజానికెత్తుకుని బయటికి నడిచాడు. ఎంతో దూరం పోలేదు. వీధి దాటి మా గుమ్మం ముందు ఆగాడు. నేను స్టూలు తెచ్చి వేశాను. పక్కనే నా కుర్చీ వేసుకున్నాను. తగువు చూడాలంటే ముందు వరసలోనే కూర్చోవాలి.

"ఇక్కడే కూర్చుంటా. నా చూపు తగిలి వాడికి తిండి సహించకూడదు," అన్నాడు.

కూర్చుని అలాగే చూసేవాడు. ఆ చూపు వేడికి షెడ్డు తలుపు మీద రంగు పొక్కింది. ఎండకు పొక్కిందని అనేవాళ్లున్నారు, వాళ్ల మాట నమ్మకండి.

కొన్నాళ్లకు చిన్నల్లుడు ఆ కారును అమ్మకానికని షెడ్డు బయట, ముక్కు మావైపు ఉండేలా నిలబెట్టాడు. మేస్త్రి ఒక్కసారిగా లేచాడు. జీవితమంతా కార్లను జానెడు దూరం నుంచి చూసినవాడు. వీధి అవతలి నుంచి చూడడం అదే మొదటిసారి. షెడ్డులో నేల కాలువ వైపు వాలి ఉండేది కాబట్టి అక్కడ ఏ బండి వంకరా తెలిసేది కాదు. ఇక్కడ తెలుస్తోంది. మెత్తటి స్ప్రింగు బరువుకు అణిగి, కారు ఎడమ భుజం దిగజారి ఉంది.

"అత్తయ్యా, ఒకసారి ఇటొచ్చి చూడండి," అని కేకేశాడు.

ఆమె వీధి దాటి వచ్చి, కర్ర మీద ఆనుకుని చూసింది. "ఇదేమిటి, కుంటిదానిలా నిలబడింది?"

"అక్కడ రోడ్డు వాలు అత్తయ్యా," అన్నాడు చిన్నల్లుడు అవతలి నుంచి.

"అయితే బండి ఇవతలికి తెచ్చి, ముక్కు షెడ్డు వైపు పెట్టండి. నేను అక్కణ్ణుంచి చూస్తాను."

తెచ్చి పెట్టాడు. ఆమె మళ్లీ వీధి దాటి, షెడ్డు ముందు నిలబడి చూసింది. దిగి ఉన్నది మళ్లీ ఎడమ భుజమే.

"రోడ్డు వాలైతే ఇప్పుడు కుడివైపు దిగాలి కదా బాబూ. మీ బండితోపాటు రోడ్డు కూడా వెనక్కి తిరిగిందా?"

చిన్నల్లుడు చొక్కా చేతులు పైకి మడిచాడు.

గట్టి రకం స్ప్రింగు తెప్పించారు. తీగ బ్రష్షును అత్తగారు తన దిండు కింద పెట్టుకుంది. షెడ్డులోకి రమ్మని పెద్దల్లుడికి కబురు పంపితే, పని అయ్యేదాకా రానన్నాడు. మా గుమ్మం ముందు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. అవతల చిన్నల్లుడు చెమటలు కక్కుతూ స్ప్రింగు బిగించాడు.

"చుక్కలు నాకు కనపడేటట్టు పెట్టావా?" అని అడిగాడు మేస్త్రి.

"పెట్టా."

"నాకు కనపడలేదు. మళ్లీ విప్పు."