చెర్రీ డబ్బా

అవి నక్సలైట్ల రోజులు. పసుపు బేరానికి గుంటూరు నుంచి వెళ్లి, కోరుట్లలో, ఆ దగ్గర్లోనే ఉన్న ఇబ్రహీంపట్నం బస్సెక్కాను. దారిలో పోలీసులు బస్సాపి, నా పక్కన కూర్చున్న రాజయ్య అనే అతని సంచిలోంచి సీలు వేసిన రేకుడబ్బా ఒకటి తీశారు. అతను దుబాయిలో ఒక షేకు ఇంట్లో వంటమనిషి. సెలవు మీద ఇంటికి వస్తున్నాడు.

"ఏంది గిది?" అన్నాడు కానిస్టేబుల్.

"చెర్రీపండ్లు సార్."

కానిస్టేబుల్ నమ్మలేదు. మమ్మల్నందర్నీ దూరంగా నిలబెట్టి, డబ్బాను రాజయ్య చేతే కత్తితో తెరిపించాడు. నిజంగానే పండ్లు. రెండు తిని, పొమ్మన్నాడు.

"మూత తీసినంక ఆగయి సార్, ఖరాబైతయి. ఇయ్యాల్నే వండాలె. మీరు గూడ రాండ్రి," అని రాజయ్య నన్ను ఇంటికి తీసుకెళ్లాడు.

పండ్లను కమలాపండ్ల రసంలో ఉడికించి, పైన వెన్న కలిపిన మైదా ముద్దలు పరిచి, గిన్నె కిందా మూత మీదా నిప్పులు పెట్టాడు. మొగుడు వండుతుంటే భార్య గడపలో కూర్చుని చూసింది.

"గక్కడ నువ్వు గిదే తిన్నవా?" అని అడిగింది.

"ఆరేండ్లు, శుక్రారం శుక్రారం చేసిన. గా షేకు ఒక్కనాడు నాకు వెట్టలే. మంచిగ లేదని తిట్టేటోడు."

అందరికీ వడ్డించాక తనూ ఒక చెంచా నోట్లో పెట్టుకుని, చాలాసేపు నమిలాడు.

"మంచిగనే చేసిన గదనే," అన్నాడు భార్యతో.